రామసముద్రం నుండి నాదాల తోటకు

మా ఊరి పేరులో సముద్రం ఉంది. బస్సు దిగిన కొత్తవారు నవ్వుతూ అడిగే మొదటి మాట "సముద్రం ఎక్కడండీ?" అని. పెద్ద చెరువును సముద్రమనడం మా సీమలో పాత అలవాటు. చెరువు సంగతి ఎలా ఉన్నా ఊరి చుట్టూ గుండ్లకు మాత్రం కొదువ లేదు. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరచిపోయినట్లు ఉంటాయి. వాటి నడుమ వేరుశనగ చేలు, టమోటా తోటలు, పట్టుపురుగుల కోసం వేసిన మల్బరీ. ఒక దిక్కున పుంగనూరు, ఒక దిక్కున మదనపల్లె, ఇంకో దిక్కున కొంచెం దూరం పోతే కర్ణాటక. మా సంతలో బేరం తెలుగులో మొదలై కన్నడంలో తెగుతుంది.

చిన్నతనంలో మేకల వెంట పోయినప్పుడు ఆ గుండ్లలో ఒక నల్లరాయి మాకు నేస్తంగా ఉండేది. మామూలు రాతిని రాతితో కొడితే టక్కుమంటుంది. అదైతే గంటలా మోగేది. ఏ మూల కొడితే ఏ మోత వస్తుందో మాకు నోటికి వచ్చు. తరువాత ఎప్పుడో ఆ రాయి రోడ్డు కంకరలో కలిసిపోయింది. చాలా ఏళ్ళకు ఒకచోట చదివాను. బళ్ళారి దగ్గర కుప్‌గల్ కొండ మీద ఇటువంటి నల్లరాళ్ళే ఉన్నాయి. కొత్త రాతియుగంలో అక్కడ పశువులను మేపుకుని బ్రతికిన మనుషులు వాటిని కొట్టి మోగించిన గుర్తులు నేటికీ కనబడుతున్నాయి. నికోల్ బోయివిన్ అనే పరిశోధకురాలు 2004లో ఈ సంగతిని లోకానికి తెలిపారు. మేము పనిలేక ఆడుకున్న ఆట వేల ఏళ్ళ నాటిదని తెలిసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక నా సంగతి. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా సంఘంలో ముప్పై ఏళ్ళకు పైగా హార్మోనియం వాయిస్తున్నాను. ఆ పెట్టె అంటే నాకు ప్రాణం. ఆరాధన అయిన వెంటనే పచ్చగుడ్డ కప్పేస్తాను. ఏ పిల్లవాడైనా మెట్టు మీద వేలు పెడితే "ఏయ్, ముట్టద్దు!" అని అరిచేవాణ్ణి. ఆ అరుపుకు ఎన్ని వేళ్ళు వెనక్కు పోయాయో నేనెన్నడూ లెక్కపెట్టలేదు. వాటిలో ఒక పదేళ్ళ అబ్బాయి వేళ్ళున్నాయి. పుట్టుకతోనే వాడికి చెవులు సరిగా వినబడవు. అందరూ పాడుతున్నప్పుడు మెల్లగా వచ్చి హార్మోనియం చెక్కకు అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. అల్లరి చేస్తున్నాడనుకుని రెండు మూడుసార్లు ఆ చేతిని నేనే తోసేశాను.

పోయిన వేసవిలో వి.బి.ఎస్. ముగిశాక పిల్లలను ఎక్కడికైనా తీసుకుపోవాలని అనుకున్నాము. పిల్లలంతా ఒక్క గొంతుతో "వండర్‌లా" అన్నారు. బెంగళూరు అవతల బిడది దగ్గర 2005లో తెరచిన వినోదాల పార్కు అది. గిరగిర తిప్పే యంత్రాలు, నీటి జారుడుబల్లలు ఉంటాయని టీవీలో చూసి పిల్లలకు ముందే తెలుసు. టికెట్ల లెక్క వేసేసరికి కమిటీ పెద్దల ముఖాలు వాడిపోయాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అయ్యగారి కుమారుడు ఫోనులో ఇంకో చోటు చెప్పాడు. "జె.పి. నగర్‌లో సంగీతం మ్యూజియం ఉంది మామా. బయట తోటలో పెద్ద పెద్ద వాయిద్యాలు పెట్టినారు. అన్నీ ముట్టుకోవచ్చు."

ముట్టుకోవచ్చు అనే మాట నాకు అంతగా రుచించలేదని దాచకుండా చెబుతున్నాను.

తెల్లవారుజామున నాలుగు గంటలకు రెండు వ్యాన్లలో బయలుదేరాము. చిత్రాన్నం పొట్లాలు, నీళ్ళ క్యాన్లు, వాంతులు రాకుండా నిమ్మకాయలు వెంట పెట్టుకున్నాము. ములబాగలు దగ్గర పెద్దరోడ్డు ఎక్కేసరికి తూర్పు తెల్లబడింది. కోలారు దగ్గర మళ్ళీ గుండ్ల కొండలు కనబడగానే ఒక చిట్టితల్లి లేచి కూర్చుని "మన ఊరు వచ్చేసిందా?" అని అడిగింది. బెంగళూరులో అడుగుపెట్టిన తరువాత అక్కడి రద్దీలో గడిచిన కాలం గురించి రాయకపోవడమే మేలు. వినబడని అబ్బాయి కిటికీ పక్కన కూర్చుని అద్దానికి చెంప ఆనించి ప్రయాణమంతా అలాగే ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆ మ్యూజియం పేరు ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియన్స్. బ్రిగేడ్ వారి పూనికతో కట్టిన ఈ మ్యూజియం 2019 జూలైలో ప్రారంభమైంది. లోపల మన దేశపు సంగీత చరిత్ర గదులు గదులుగా ఉంది. పిల్లల కాళ్ళు లోపల నిలిస్తే గదా! బయట ఉన్న నాదాల తోటకు పరుగెత్తారు. తోట పెద్దదేమీ కాదు. రాతి బండలు, వేలాడే లోహపు గొట్టాలు, కొయ్య బద్దలు. కొడితే మోగుతాయి, రుద్దితే మూలుగుతాయి. వీటిని పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో ఉన్న స్వరం అనే సంస్థ తయారు చేసింది. చుట్టుపక్కల పల్లెల యువకులకు పని నేర్పుతూ 2003లో మొదలైన వాయిద్యాల కర్మాగారం అది. అంటే ఆ తోటలో మోగేవి చాలావరకు మనవంటి పల్లె పిల్లల చేతులు చెక్కి, రాకి, సరిచేసినవే.

అక్కడ నాకు సిగ్గు కలిగించిన విషయం ఒకటి జరిగింది. పట్నం పిల్లలు వచ్చీరాగానే చేతికందిన ప్రతిదాన్నీ వాయిస్తున్నారు. మా రామసముద్రం పిల్లలు చేతులు వెనక్కు కట్టుకుని వరుసగా నిలబడ్డారు. ఎవరి శిక్షణో చెప్పనక్కర లేదు. "ముట్టుకోండి" అని నేనే రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. మొదట కదిలినవాడు ఆ వినబడని అబ్బాయి. గాళ్ళు కోసిన ఒక రాతిబండ దగ్గరకు పోయి, అవతలి పిల్లవాడు దాన్ని మోగిస్తుంటే, రెండు చేతులతో వాటేసుకుని రొమ్ము ఆనించాడు. కాసేపటికి తల తిప్పి నా వైపు చూశాడు. ఇన్నాళ్ళూ వాడు హార్మోనియం దగ్గర ఏం చేస్తున్నాడో అప్పటికి గాని నాకు తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నా తలలో ఒకటే ఆలోచన. మా కోతకాల పండుగకు చుట్టుపక్కల ఊళ్ళ నుండి జనం వస్తారు. కానుకల వేలంపాట పెద్దవారికి సరదా. పిల్లలకు బెలూన్లు, ఐసులు తప్ప ఏమీ ఉండదు. గుడి ఆవరణలో ఇటువంటిది ఒకటి మనమే పెట్టలేమా?

చదువరులారా, ఇలాంటి వాటిని ఎవరు ఎలా తయారు చేస్తారో తెలుసుకోవాలని కొంత చదివాను. అమెరికాలో డిస్నీ వారి ఎప్‌కాట్ అనే పార్కు 1982లో తెరుచుకుంది. అక్కడి ఒక భవనంలో నేల మీద రంగురంగుల వెలుగులు పరచి ఉండేవి. ఒక్కొక్క రంగు మీద అడుగు వేస్తే ఒక్కొక్క స్వరం పలికేది. ఇంకొకచోట గాలిలో చేతులు ఆడిస్తే వాద్యబృందం హెచ్చుతగ్గులుగా వాయించేది. ఆ రోజుల్లోనే రెమో సారసేనో అనే ఆయన కాళ్ళతో నడిచి వాయించే పెద్ద పియానోను తయారు చేశాడు. న్యూయార్కులోని ఒక బొమ్మల దుకాణంలో దాన్ని పెట్టారు. 1988లో వచ్చిన 'బిగ్' సినిమాతో అది లోకమంతా తెలిసింది.

నాకు ఎక్కువ నచ్చింది జామ్-ఓ-డ్రమ్ అనే గుండ్రని బల్ల. టీనా బ్లెయిన్, టిమ్ పెర్కిస్ అనేవారు కాలిఫోర్నియాలోని ఇంటర్వల్ రీసెర్చ్‌లో దాన్ని రూపొందించారు. బల్ల అంచు చుట్టూ డప్పుల వంటి మెత్తలు, పైనుండి బల్ల మీద పడే బొమ్మలు. కొట్టినప్పుడు మోతతోపాటు బొమ్మ కూడా కదులుతుంది. సంగీతం రానివారు, ఒకరినొకరు ఎరుగనివారు చుట్టూ నిలబడి ఒకే లయలోకి రావాలన్నది వారి కోరిక. ఒక నమూనా చేయడం, దాని ముందు మామూలు జనాన్ని నిలబెట్టడం, ఏమి చేస్తారో చూడడం, మార్చడం. ఇదే వారి పద్ధతి. 2000 సంవత్సరంలో సియాటిల్ నగరంలో తెరచిన సంగీత మ్యూజియంలో ఆ బల్లను పెట్టారు. తరువాత పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు అదే బల్ల మీద కొత్త ఆటలు కట్టి చూశారు. అంటే ప్రదర్శనకు పెట్టాక కూడా పని ముగియలేదు.

డిస్నీ వారు అల్లావుద్దీన్ మంత్రపు చాపమీద ఎగురుతున్నట్లు అనిపించే ఒక ఆటను ఎప్‌కాట్‌లో పధ్నాలుగు నెలలపాటు పరీక్షకు పెట్టారు. 45,000 మందికి పైగా వచ్చినవారి తీరును గమనించి ఆ ఫలితాలను 1996లో ప్రకటించారు. అది సంగీతపు ఆట కాదు గాని, ఆ అంకె నాకు బుద్ధి చెప్పింది. అంత డబ్బు, అంత విద్య ఉన్నవారే పధ్నాలుగు నెలలు కూర్చుని చూశారు. నేనేమో ఒక్క శనివారంలో ముగించేద్దామనుకున్నాను.

పైపులు కొనడానికి మదనపల్లె పోయాను. అక్కడ బి.టి. కాలేజీ మీదుగా పోయినప్పుడల్లా నాకు మార్గరెట్ కజిన్స్ గారు గుర్తుకు వస్తారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు ఆ కాలేజీకి వచ్చి బస చేశారు. ఆయన జనగణమన పాడగా, సంగీతం ఎరిగిన ఆ ఐరిష్ అమ్మగారు స్వరాలు రాసుకున్నారు. ఫిబ్రవరి 28న ఆయన ఆ పాటను అక్కడే ఇంగ్లీషులోకి మార్చారు. ఒకరి గొంతులోని పాటను కాగితం మీదకు తేవాలంటే ఎన్నిసార్లు ఆపించి అడగాలో పాటల పుస్తకాలకు స్వరాలు రాసినవారికి తెలుస్తుంది. మా మదనపల్లెకు టమోటా మార్కెట్టే పేరనుకునేవారికి ఈ మాట చెప్పాలని చాలాకాలంగా ఉంది, ఇక్కడ చెప్పేశాను.

జి.ఐ. పైపులు తెచ్చి ఊళ్ళోని వెల్డింగ్ షాపులో కోయించాను. హార్మోనియం వాయించేవాణ్ణి గదా, స్వరాల లెక్క నాకు తెలుసుననే గర్వం. తీగను సగానికి నొక్కితే పై షడ్జం పలుకుతుంది. అదే లెక్కన మీటరు పైపుకు స, అర మీటరు పైపుకు పై స అనుకున్నాను. వేలాడదీసి కొడితే పై స కాదు, దానికీ పై స్థాయిలో కీచుమంది. మధ్య స్వరాలన్నీ అడ్డదిడ్డం. తీగకు, పిల్లనగ్రోవికి ఉన్న లెక్క వేరు. కొట్టి మోగించే గొట్టానికి లెక్క వేరు. గొట్టం పొడవు సగమైతే స్వరం నాలుగు రెట్లు లేస్తుంది. పై షడ్జం కావాలంటే మీటరు గొట్టాన్ని 70 సెంటీమీటర్ల 7 మిల్లీమీటర్లకు కోయాలి. డబ్బు పోయింది, పైపు పోయింది.

ఇంకో తప్పు. పైపు కొనకు కంత చేసి తీగతో వేలాడదీశాను. గొట్టాన్ని కొట్టినప్పుడు కొనలే ఎక్కువ ఊగుతాయి. అక్కడ పట్టుకుంటే గొంతు పట్టుకున్నట్లే. ఊగకుండా ఉండే చోట్లు రెండున్నాయి. మీటరు పైపుకు ఒక్కొక్క కొన నుండి 22 సెంటీమీటర్ల 4 మిల్లీమీటర్ల దగ్గర. అక్కడ రెండు వేళ్ళతో పట్టుకుని కొట్టి చూడండి, చాలాసేపు మోగుతుంది.

ఆ మొదటి నమూనాను ఒక ఆదివారం పిల్లల ముందు పెట్టాను. పెద్ద మగపిల్లలు నలుగురు ఇనుప సుత్తులతో బాదారు. చిన్నపిల్లలకు అందలేదు. ఆడపిల్లలు దగ్గరకే రాలేదు. పక్కింటివారి ఎనుము తాడు తెంపుకుంది. పావుగంటలో అయ్యగారు బయటికి వచ్చి ఏమీ అనకుండా నా వైపు చూసి లోపలికి పోయారు.

రెండోసారి లెక్క సరిచేసుకున్నాను. ఏడు స్వరాలు వద్దని ఐదే పెట్టాను: స, రి, గ, ప, ద. మోహన రాగపు స్వరాలు. ఈ ఐదింటిలో ఎవరు దేన్ని కొట్టినా చెవికి ముల్లులా గుచ్చుకోదు. జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ అనే సంగీతకారుడు బడిపిల్లల కోసం తయారు చేయించిన వాయిద్యాలలో ఇదే కిటుకు వాడాడు. బద్దలు ఊడదీసే వీలు పెట్టి, తప్పు స్వరం వచ్చే బద్దలను ముందే తీసి పక్కన పెట్టేవారు. పిల్లవాడు తప్పు చేయడానికి వీలు లేకుండా చేసి, తరువాత ఒక్కొక్కటే చేర్చడం. నేను ముప్పై ఏళ్ళు దీనికి తలకిందులుగా నడిచాను. మీటరు పైపును షడ్జం అనుకుంటే, రికి 94.3, గకు 89.4, పకు 81.6, దకు 77.5, పై సకు 70.7 సెంటీమీటర్లు. చేసి చూడదలచినవారి కోసం ఈ అంకెలు ఇస్తున్నాను. ఆకురాయితో కొంచెం రాకవలసి వస్తుంది, కాబట్టి ఒక పిసరు పొడుగ్గానే కోయించండి.

సుత్తులు కొయ్యవి చేయించి మొనకు సైకిల్ ట్యూబు చుట్టాను. మోత ఇప్పుడు తియ్యగా ఉంది. "ఒకరి తరువాత ఒకరు, మెల్లగా వాయించండి" అని అట్ట రాసి కట్టాను. ఒక్కరూ చదవలేదు. సుత్తులు రెండు ఆ సాయంత్రానికే మాయం. వరుసలో నిలబడి వాయించడం వల్ల ముందున్నవాడి వీపు తప్ప వెనకున్నవాడికి ఏమీ కనబడదు. ఇక ఆ అబ్బాయి గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడే గాని రాలేదు. వేలాడే గొట్టంలో వాడికి పట్టుకోవడానికి ఏముంది? పట్టుకుంటే మోత చచ్చిపోతుంది.

అప్పటికి నాకు విసుగు వచ్చింది. గొట్టాలు ఊడదీసి కిటికీలకు వాడుకుందామనుకున్నాను. ఆ వారంలోనే వేరే పని మీద కుప్పం పోవలసి వచ్చి, అక్కడి అగస్త్య ఫౌండేషన్ వారి ఆవరణ చూడగలిగాను. 1999లో మొదలైన ఆ సంస్థకు గుడివంక దగ్గర 172 ఎకరాల కొండనేల ఉంది. పల్లెబడుల పిల్లలు సైన్సును చేతులతో నేర్చుకునే చోటు అది. 2017లో రామానుజన్ గారి పేరున గణితపు పార్కు కూడా పెట్టారు. నేను చూసింది నమూనాలను కాదు, వాటి అంచులను. పిల్లల చేతులు తగిలీ తగిలీ ఎక్కడెక్కడ నునుపెక్కాయో చూశాను. అన్నీ పిల్లల నడుము ఎత్తులోనే! నా గొట్టాలను నేను నా రొమ్ము ఎత్తులో కట్టానని అక్కడ గుర్తొచ్చింది.

మూడో నమూనాకు సాయపడినవాడు ఎవరో చెబితే మా ఊరివారికి ఆశ్చర్యం కలుగుతుంది. ఆ అబ్బాయి తాతే. డెబ్బై అయిదేళ్ళ మనిషి. ఒకప్పుడు పలక వాయించడంలో చుట్టుపక్కల ఆయనకు సాటి లేదు. చావుకైనా జాతరకైనా ఆయన పలక మోగవలసిందే. పిలిచినవారు మాత్రం వాకిట్లోకి రానిచ్చేవారు కాదు. బాప్తిస్మం తీసుకున్న ఏడాది పలకను అటక మీద పడేశాడు. మళ్ళీ తీయలేదు. ఆ మోత వింటే పాత అవమానమే గుర్తుకొస్తుందని అనేవాడు. మేము కూడా తీయమనలేదు.

గొట్టాల ముందు కూర్చుని చాలాసేపు చూశాడు. నేను అలవాటు కొద్దీ పక్కనున్న పిల్లలను "ముట్టద్దు, ముట్టద్దు" అంటున్నాను.

"అయివారూ," అన్నాడు. "ముట్టద్దు అనే మాట మేము పుట్టినకాణ్ణించీ వింటానే ఉండాం. మన గుళ్ళో గూడా అదేనా?"

నేను ఏమీ చెప్పలేకపోయాను. ఆయన కూడా దాన్ని పొడిగించలేదు. గొట్టాన్ని వేలితో మీటి, "దీనికి కడుపు లేదు. కుండ పెట్టు" అన్నాడు.

ఆయన చెప్పినట్లు పాత ఎద్దులబండి చక్రం ఒకటి తెచ్చి, జానెడు ఎత్తు దుంగల మీద పడుకోబెట్టి, దాని మీద గొట్టాలను గుండ్రంగా అమర్చాము. ఒక్కొక్క గొట్టం కింద కుమ్మరి దగ్గర కొన్న కుండ. కుండలో గ్లాసు గ్లాసుగా నీళ్ళు పోస్తూ, పోసినప్పుడల్లా గొట్టాన్ని కొట్టి వినాలి. నీళ్ళు పెరిగేకొద్దీ కుండలోని గాలి స్వరం లేస్తుంది. గొట్టం స్వరంతో కలిసిన క్షణాన మోత ఒక్కసారిగా ఉబుకుతుంది. నీళ్ళు నిలిచిన ఎత్తుకు లోపల గీత పెట్టి, అంతవరకు బంకమట్టి మెత్తి ఆరబెట్టాము. ఒక్కొక్క కుండకు ఒక పూట పట్టింది. మూడు కుండలు పగిలాయి.

పనిచేస్తూ ఆయన చెప్పిన మాటలు నాకు మృదంగం కథను గుర్తుకు తెచ్చాయి. మృదంగపు నల్లచుక్కను రాతిపొడి, అన్నం కలిపిన ముద్దతో పలుచగా పూస్తారు. రాయితో రుద్దుతారు, కొట్టి వింటారు, మళ్ళీ పూస్తారు. ఒక్క పూతకు ఎవరూ పలికించలేరు. తంజావూరు వైపు ఆ పని చేసేవారిలో చాలామంది దళిత క్రైస్తవులు. పాల్ఘాట్ మణి అయ్యర్ వంటి విద్వాంసుని మృదంగం వెనుక పర్లాండు అనే ఆయన చేతులున్నాయి. ఏళ్ళ తరబడి తోళ్ళు మార్చి, కట్టు మార్చి ఇద్దరూ ప్రయోగాలు చేశారు. కచేరీలో ఒకరి పేరే వినబడేది. టి.ఎం. కృష్ణ గారు 2020లో ఈ తయారీదారుల మీద 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం రాసి ఆ రెండో పేరును బయటికి తెచ్చారు. ఈ సంగతి చెబితే తాత తల ఊపి, "పేరు దేనికిలే, ఆ మట్టి ఇట్లా ఇయ్యి" అన్నాడు.

కోతకాల పండుగనాడు చక్రాన్ని వేపచెట్టు కింద పెట్టాము. అట్టలు రాయలేదు. సుత్తులను తాళ్ళతో చక్రానికే కట్టేశాము. నేను దూరంగా కుర్చీ వేసుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. గుండ్రంగా కూర్చుంటే ముఖాలు ముఖాలకు కనబడతాయి. ఒక చిన్నపిల్ల కొడితే ఎదురుగా ఉన్న అవ్వ బదులు కొట్టింది. కర్ణాటక వైపు నుండి వచ్చిన ఒక రైతు కానుక గుమ్మడికాయను పక్కన పెట్టి పావుగంట కూర్చున్నాడు. గొట్టాల కింద చక్రానికి ఆనించి ఒక వెడల్పాటి పలుచని చెక్క వేసి ఉంచాము. ఎవరి కోసమో చెప్పలేదు. ఆ అబ్బాయి వచ్చి దాని మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. రెండు అరచేతులు చెక్కకు ఆనించాడు. తరువాత ఒక చెయ్యి తీసి సుత్తి అందుకున్నాడు.

అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. వాడు పొడవైన మీటరు గొట్టాన్ని తప్ప వేరేదాన్ని ముట్టడు. చిన్న గొట్టాల అదురు చెక్కలోకి అంతగా దిగదు. మధ్యాహ్నానికి "వాడు ఎవరికీ ఇయ్యట్లేదు సార్" అని ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒక తల్లి వాడిని లేపబోయింది. తాత అడ్డం పోలేదు, నేనూ పోలేదు. లేపడమూ తప్పే, లేపకపోవడమూ తప్పేననిపించింది. ఇంతలో ఒక అమ్మాయి వాడి భుజం తట్టి, గొట్టం అవతలి కొనను తాను కొట్టడం మొదలుపెట్టింది. కాసేపు ఇద్దరూ అలా వాయించారు. మళ్ళీ జగడం.

సైకిల్ ట్యూబు ఆ ఒక్కరోజుకే చిరిగిపోయింది. సాయంత్రం హార్మోనియం మీది పచ్చగుడ్డను చింపి మొనలకు చుట్టి చూశాము. మీటరు గొట్టానికి రబ్బరు కన్నా గుడ్డే బాగా పలికింది. రేపు బుధవారం మదనపల్లె పోతున్నాను. ఇంకో మీటరు పైపు తేవాలి, చక్రానికి రెండో వైపున బిగించడానికి. పెద్ద కుండ కూడా ఒకటి కావాలని తాత చెప్పి పంపాడు. అటక మీది పలక తోలు ఎలుకలు కొట్టిందట. కొత్త తోలు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని రమ్మన్నాడు.